మూడు మూరల దూరం

“తాళంచెవి ఇవ్వండి అత్తయ్యా.”

“ఇవ్వను.”

“నేను పనికి వెళ్లాలి.”

“నడిచి వెళ్లు. దేక్కుంటూ వెళ్లు. ఆ రెండు చక్రాల దయ్యం మీద మాత్రం ఈ గుమ్మం దాటడానికి వీల్లేదు.”

వరండాలో సైకిల్‌ను కిటికీ ఊచలకు గొలుసుతో కట్టేశారు. ఏనుగును కట్టడానికి సరిపోయే గొలుసది. అత్తగారు పొద్దున్నే బజారుకు వెళ్లి, బేరమాడి మరీ కొనుక్కొచ్చారు. తాళంచెవి నడుం దగ్గర దోపుకుని, దానిమీద చెయ్యేసుకుని, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. డెబ్బై ఏళ్ల మనిషి నడుం దగ్గర చెయ్యిపెట్టి లాక్కునేంత తెగువ కోడలికి లేదని ఆవిడ ధీమా.

అసలు సంగతి ఆవిడకూ తెలుసు. తాళం తీసి సైకిల్ చేతికిచ్చినా కోడలు ఎక్కదు. తొమ్మిది రోజులుగా ఆ సీటు మీద దుమ్మయినా దులపలేదు. ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టులో ఉంది. అది సాకు మాత్రమే. రోజూ పొద్దున్నే తాళంచెవి అడగడం, ఇవ్వనంటే కోపం తెచ్చుకోవడం, ఆ కోపంలో భయాన్ని కాసేపు మరిచిపోవడం, ఇదీ ఆమె చేస్తున్న పని.

ఆమెను ఊళ్లో సగంమంది సూదమ్మ అంటారు. రక్తపరీక్షల కేంద్రంలో ఉద్యోగం. తెల్లకోటు వేసుకుని, సైకిల్ వెనక చల్లటి పెట్టె కట్టుకుని, పొద్దున అయిదున్నర నుంచి ఇల్లిల్లూ తిరిగి పరగడుపు రక్తం తీసుకొస్తుంది. ఆమె సూది గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండదని పేరు.

తొమ్మిది రోజుల కిందట, వంతెన దిగే మలుపులో, ఒక ఖాళీ బస్సు ఆమె హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది. ఆమె పడింది. పెట్టె తెరుచుకుని పదమూడు గొట్టాలు రోడ్డు మీద పగిలాయి. పదమూడు మంది రక్తం ఆమె తెల్లకోటు మీద చిమ్మింది. ఆమెది మోచేతి దగ్గర ఏడు కుట్లకు సరిపోయే గాయం, అంతే. కానీ చూసినవాళ్లంతా మనిషి పోయిందనే అనుకున్నారు. బస్సు మాత్రం ఆగలేదు.

ట్యూషన్‌కు వెళ్తున్న కూతురు బుజ్జి సరిగ్గా అప్పుడే అటు వచ్చింది. అమ్మ ఎర్రగా పడి ఉండటం చూసింది. ఆ రక్తం అమ్మది కాదని చెప్పడానికి గంట పట్టింది. నమ్మించడానికి ఇంకా పడుతోంది. వీధిలో హారన్ మోగితే చాలు, పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో ఏదుంటే అది కింద పడేస్తోంది.

“ఆ కాగితం సంగతేమిటి?” అన్నారు అత్తగారు, బల్లమీదికి గడ్డంతో చూపిస్తూ.

బల్లమీద, బస్సులమీద అర్జీలు పెట్టే సైకిల్ సంఘం వాళ్ల సభ్యత్వ కాగితం ఉంది. నాలుగు రోజులుగా ఉంది. దానిమీద ఎవరూ గ్లాసు కూడా పెట్టడం లేదు.

“ఇంకా అనుకోలేదు.”

“అనుకోవడానికి ఏముంది? బస్సు డ్రైవరు పెళ్లాం బస్సులమీదే కత్తి కడితే, వాడు డిపోలో ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?”

ఆ ‘వాడు’ వంటింటి గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరుగుతున్నాడు. పద్దెనిమిదేళ్లుగా బస్సు నడుపుతున్న చేతులు. భార్యకు దెబ్బ తగిలిన రోజు నుంచి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. కట్టు తనే మారుస్తాడు. తల తనే దువ్వుతాడు. గ్లాసుతో నీళ్లు కూడా తనే పట్టిస్తాడు. పక్కింటివాళ్లు ముక్కున వేలేసుకున్నారు, ఇలాంటి మొగుడు దొరకాలంటే రాసిపెట్టి ఉండాలన్నారు. సూదమ్మ కూడా అలాగే అనుకుంటోంది.

“మీరేమంటారు?” అని అడిగింది భర్తను.

“వద్దులే.”

“ఎందుకొద్దు?”

“వద్దంటే వద్దు.”

“తొమ్మిది రోజులుగా ఇదే మాట. ఇంకోటి చెప్పండి. ఆ బస్సు మీ డిపోదే. టీకొట్టాయన నంబరు కూడా చూశాడు. ఎవరు నడిపారో మీరు ఒక్క ఫోను చేస్తే తెలిసిపోదూ?”

“డిపోలో నూటిరవై బళ్లున్నాయి.”

“నంబరుందంటున్నాను కదా!”

కత్తి కిందపెట్టాడు. మళ్లీ తీసుకున్నాడు. తరిగిన ముక్కలనే మళ్లీ తరగడం మొదలుపెట్టాడు.

“తెలిసి ఏం చేస్తావు?” అన్నాడు చివరికి. “కుట్లు విప్పేస్తారు వచ్చే వారం. మానిపోతుంది. ఎవరి తిప్పలు వాళ్లు పడనీ.”

“నా చెయ్యి వణుకుతోందండీ.” అంది సూదమ్మ. “కుడిచెయ్యి. దెబ్బ తగలని చెయ్యి. నిన్న కేంద్రంలో ఒకాయనకు సూది గుచ్చబోతే రెండుసార్లు తప్పింది. అసలే ఆ రోజు గొట్టం పగిలి రక్తం రెండోసారి ఇవ్వాల్సి వచ్చిందని ఆయన మండిపడుతున్నాడు. నన్ను తీసుకెళ్లి సీసాలమీద చీటీలు అంటించే పనిలో కూర్చోబెట్టారు. వణుకు తగ్గకపోతే అక్కడే ఉండాలట.”

అత్తగారు తాళంచెవి మీంచి చెయ్యి తీసి మళ్లీ వేసుకున్నారు.

“బాబాయ్ కూడా రావడం మానేశాడు,” అంది బుజ్జి, గోడవైపు చూస్తూ. బాబాయ్ అంటే మీసాలాయన. తండ్రితో పాటు అదే డిపోలో డ్రైవరు, రెండిళ్ల అవతల ఉంటాడు. సూదమ్మ పడ్డ రోజు హాస్పిటల్‌కు పరిగెత్తుకొచ్చి మంచం కమ్మి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ తర్వాత ఇటు తొంగి చూడలేదు.

“పనుండి ఉంటుంది,” అన్నాడు డ్రైవరు. లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆదివారం. సూదమ్మ ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ వంతెన మలుపుకు వెళ్లింది. సంఘం వాళ్లు ఆదివారాలు అక్కడే కలుస్తారని ఆ కాగితం మీద ఉంది.

చేరడానికి కాదు, చూసి రావడానికి. దారిపొడవునా తనకు తాను ఆ మాటే చెప్పుకుంది. వంతెన కనబడేసరికి కాళ్లు చల్లబడ్డాయి. అక్కడే ఒక దుకాణం అరుగుమీద కూర్చుని, నీళ్లు తాగి, ఇంటికి వెళ్లిపోదామని లేచి, ఇంటివైపు నాలుగడుగులు వేసి, తనమీద తనకే చిరాకేసి వెనక్కి తిరిగింది.

సంఘం అంటే జెండాలూ జనమూ ఉంటాయనుకుంది. అక్కడున్నది ఆరుగురు మనుషులు, ఒక గొడుగు. గొడుగు కింద డ్రాయింగ్ మాస్టారు. బడిలో బొమ్మలు నేర్పి రిటైరయిన మనిషి, చెవిమీద పెన్సిలు, మోకాళ్లమీద నోటుపుస్తకం.

“రండమ్మా, రండి. చెయ్యెలా ఉంది?”

“బాగానే ఉంది మాస్టారూ. నేను చేరడానికి రాలేదు.”

“సరే. కూర్చోండి.”

“ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. నాలుగేళ్లయింది కదా ఈ సంఘం పెట్టి. ఏం సాధించారు?”

మాస్టారు నిజంగానే ఆలోచించాడు. “ఒక తెల్లగీత గీయించాం. రోడ్డు పక్కన, సైకిళ్ల కోసం.”

“ఏదీ?”

“చెరిగిపోయింది.”

“ఇంకా?”

“మూడు అర్జీలు పెట్టాం. రెండు పారేశారు, ఒకటి ఎక్కడో ఉందంటున్నారు. బడి దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ వేయించాం. దానిమీద మొట్టమొదట పడ్డవాణ్ణి నేనే.”

సూదమ్మకు నవ్వొచ్చింది. పది రోజుల్లో మొదటి నవ్వు. “మరి నేనెందుకు చేరాలి చెప్పండి?”

“చేరితే మేలు జరుగుతుందని ఒట్టేసి చెప్పలేనమ్మా. ఇవాళ లెక్క రాసే ఆవిడ రాలేదు. కాసేపు ఈ పుస్తకం పట్టుకుంటారా?”

వాళ్ల పని ఇదీ. మూడు మూరల పొడవున్న ఒక వెదురుకర్ర, దాని కొసన ఎర్రగుడ్డ. సైకిళ్లు పోయే అంచున ఒకరు పక్క గోడకు ఆనుకుని నిలబడి కర్రను రోడ్డుకు అడ్డంగా చాపుతారు, సైకిల్ వస్తే ఎత్తేస్తారు. సైకిల్‌కూ బస్సుకూ మధ్య అంత దూరం ఉంటే పడినా మనిషి బతుకుతాడని వాళ్ల వాదన. ఏ బండి ఆ గుడ్డను తాకుతూ పోతే దానికి పుస్తకంలో ఒక గీత. ప్రతి ఆదివారం పొద్దున రెండు గంటలసేపు ఇదే. ఇంతకన్నా విసుగు పుట్టించే పని లోకంలో ఇంకోటి ఉండదు.

సూదమ్మకు మాత్రం విసుగు పుట్టలేదు. మొదటి బస్సు వంతెన దిగుతున్న చప్పుడుకే వీపంతా చెమట పట్టింది. గొడుగు కర్రను పట్టుకుంది. బస్సు మలుపు తిరిగింది, గుడ్డ ఫట్‌మని కొట్టుకుంది, వేడిగాలి ముఖానికి తగిలింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి మాస్టారు ఆమెవైపు చూడకుండా రోడ్డువైపే చూస్తున్నాడు.

“రాశారా?” అన్నాడు.

రాసింది. గీత వంకరగా వచ్చింది.

రెండో బస్సు. మూడోది. మధ్యలో సైకిళ్లు. పాల డబ్బాలు కట్టుకున్నవాళ్లు, పత్రికలు వేసేవాళ్లు, ముందు ఒక పిల్లను, వెనక ఒక పిల్లను ఎక్కించుకున్న ఒక తల్లి. ఆ తల్లి మలుపు దాటేవరకు సూదమ్మ ఊపిరి పీల్చలేదు. రోజూ వేరే దారుల్లో తనూ ఇలాగే పోయేది. పక్కనుంచి ఏం పోతోందో ఎన్నడూ తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఎప్పుడో మానేసేది.

ఎనిమిదిన్నరకు పుస్తకం మూసింది. సైకిళ్లు నూటనలభై ఆరు. బస్సులు ఇరవై మూడు. గుడ్డను తాకకుండా పోయినవి నాలుగు. చివరి పేజీలో గీతలు తిన్నగా ఉన్నాయని ఆమె గమనించింది. ఎవరికీ చెప్పలేదు.

“రేపు పదిగంటలకు డిపోలో విచారణ ఉందమ్మా,” అన్నాడు మాస్టారు, కర్రకు గుడ్డ చుడుతూ. “మీరు పడ్డ రోజే మేం ఇంకో అర్జీ పెట్టాం. దెబ్బ తగిలిన మనిషి మీ సంఘంలో ఉందా అని అడిగారు. లేదన్నాం. మరి మీకేం సంబంధం అన్నారు. సభ్యులైతేనే మాట్లాడనిస్తారట. మీరు చేరి, వచ్చి, జరిగింది చెప్తే డ్యూటీ షీటు తెరుస్తారు, మలుపు సంగతి పైకి రాస్తారు. లేదంటే రేపటితో ఫైలు మూసేస్తారు.”

“షీటు తెరిస్తే?”

“నడిపినవాడెవరో బయటపడుతుంది.” మాస్టారు కాస్త తటపటాయించాడు. “నిజానికి నాకు తెలిసింది. అక్కడి గుమాస్తా నా దగ్గర చదువుకున్నవాడు. మీకు చెప్పాలో వద్దో తెలియక ఊరుకున్నాను. ఆ రోజు ఆ బండికి రాసి ఉన్న పేరు మీ వీధిలో ఉండే ఆ మీసాలాయనదే.”

సూదమ్మకు ఒక్కసారిగా చెవులు దిమ్మెక్కాయి. ఆయన ఇంకేదో చెప్తున్నాడు. ఆమెకు మంచం కమ్మి పట్టుకుని ఏడ్చిన మనిషి ఒక్కడే కనబడుతున్నాడు.

ఇంటికి వెళ్లే దారిలో భయం పోయి కోపం వచ్చింది. కోపం ఎంత హాయిగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. కాళ్లు వాటంతటవే నడుస్తాయి. చెయ్యి వణకదు.

మీసాలాయన ఇంటి ముందు ఆగింది కూడా. తలుపు మూసి ఉంది. మూసి ఉన్నందుకు బతికిపోయాడనుకుని ముందుకు సాగింది.

అత్తగారు పక్కింట్లో ఉన్నారు. వరండాలో డ్రైవరు ఒక్కడే, కట్టేసిన సైకిల్ పక్కన గొంతుక్కూర్చుని, స్పానరుతో వంగిపోయిన హ్యాండిల్‌ను సరిచేస్తున్నాడు. చొక్కా తడిసిపోయి ఉంది. భార్యను చూడగానే లేవబోయాడు.

“ఎక్కడికెళ్లావు? చెప్పకుండా ఎక్కడికెళ్లావు? వీధులన్నీ వెతికాను.”

“మలుపుకి.”

అతని ముఖంలో రక్తం లేదు.

“ఎవరు నడిపారో తెలిసింది,” అందామె. చెప్పులు కూడా విప్పలేదు. “మీ మీసాలాయన.”

స్పానరు కిందపడింది.

“మన పిల్లను భుజాన ఎత్తుకు తిరిగాడు! నన్ను వదినా వదినా అంటూ నోరారా పిలుస్తాడు. నన్ను రోడ్డుమీద పడేసి, బతికుందో చచ్చిందో కూడా చూడకుండా పోయి, సాయంత్రం వచ్చి నా మంచం దగ్గర ఏడుస్తాడా? ఎంత గుండె! మీకు తెలుసు. తెలిసే కదూ వద్దువద్దంటున్నారు? స్నేహితుణ్ణి కాపాడుకోవడానికి. నేను రేపు వెళ్తున్నాను. సంఘంలో చేరతాను, అందరి ముందూ చెప్తాను. మీ అమ్మగార్ని నా కాళ్లకు కూడా గొలుసు వేసుకోమనండి, వెళ్లి తీరతాను.”

“వాడు కాదు.”

“షీటులో ఉందట.”

“షీటులో వాడే.” డ్రైవరు గోడకు ఆనుకున్నాడు. “సీటులో వాడు కాదు.”

సూదమ్మకు అర్థం కాలేదు. కాకూడదని మనసు మొండికేసింది.

“డిపోలో మామూలే అది,” అన్నాడతను. చెప్పాల్సింది వదిలేసి దాని చుట్టూ తిరుగుతున్నట్టుంది. “ఎవరికైనా పనిపడితే ఇంకొకరు ఆ ట్రిప్పు చూసుకుంటారు. టీ తాగుతూ సరే అనుకుంటాం. కాగితం మీద మార్చం. మార్చాలంటే పైవాళ్ల సంతకం, వాళ్లతో మాటలు, అదంతా ఎవరు పడతారు? వాడికి ఆ పొద్దున కంటి డాక్టరు దగ్గర పనుంది. బండి స్టాండు దాకా తీసుకెళ్లి మొదటి ట్రిప్పు వెయ్యమన్నాడు.”

“ఎవర్ని?”

అతను కిందపడిన స్పానరు తీసి పక్కన పెట్టాడు.

“ఎవర్ని వెయ్యమన్నాడండీ?”

“నన్ను.”

సూదమ్మ మెట్టుమీద కూర్చుంది. వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఎదురింటి కుళాయి కింద బిందె నిండి నీళ్లు పొర్లుతున్నాయి. ఎవరైనా వెళ్లి కట్టేస్తే బావుండుననుకుంది. ఆ సమయంలో అంతకన్నా పెద్ద ఆలోచన రాలేదు.

“ఆరు నిమిషాలు ఆలస్యమైంది,” అంటున్నాడతను. “వంతెన దిగేటప్పుడు కొంచెం జోరుగా వచ్చాను. పక్కన సైకిల్ ఉందని చూశాను. బండి పట్టేస్తుందనుకున్నాను. రోజూ పట్టేదే. ఏదో చప్పుడైంది. అద్దంలో చూశాను.”

“ఏం కనబడింది?”

“తెల్లగా. ఎర్రగా. ఆ రక్తం…” అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. “అంత రక్తం! జనం అటు పరిగెత్తుతున్నారు. అయిపోయింది, చంపేశాను అనుకున్నాను. కాలు బ్రేకుమీదికి పోలేదు. పోలేదంతే. భయం వేసింది. ఆపితే కొట్టి చంపుతారని, జైలని, మీరేమైపోతారని. స్టాండులో బండి పెట్టి దిగేసరికి ఫోను. మీ ఆవిడ పడింది, వంతెన మలుపులో అని.”

కబురందిన పదినిమిషాలకే హాస్పిటల్‌లో ఉన్నాడు ఈ మనిషి. ఎంత తొందరగా వచ్చాడో అని ఆమె అందరికీ చెప్పుకుంది. నర్సుకు చెప్పింది. పక్క మంచం ఆవిడకు చెప్పింది.

“మీసాలాయన ఎందుకు చెప్పలేదు?”

“నేనే వద్దన్నాను. వాడి కాళ్లు పట్టుకున్నాను. వాడు చెప్పడు. రేపు ఉద్యోగం తీసేసినా నోరు మెదపడు, అలాంటివాడు వాడు. అందుకే నువ్వు వెళ్లొద్దన్నాను.” అతను ఆమె ముందుకొచ్చి కింద కూర్చున్నాడు. “వెళ్లకపోతే ఫైలు మూసేస్తారు. వాడికేమీ కాదు, నాకేమీ కాదు. నీ చెయ్యి బాగవుతుంది. నేనెప్పుడూ ఇక… నాకు భయంగా ఉంది. నిజంగా భయంగా ఉంది. సీట్లో కూర్చోవాలంటేనే కాళ్లు వణుకుతున్నాయి.”

అతని తల ఆమె మోకాలికి ఆనుతోంది. రోజూ తన తల దువ్విన మనిషి. ఆ జుట్టుమీద చెయ్యి వెయ్యాలనిపించింది. చెయ్యి లేవలేదు.

“నేనని తెలీలేదా?”

“ఒట్టు, తెలీలేదు. నువ్వు తిరిగేది ఆ వైపు కాదుగా. ఆ రోజు ఇంకెవరికో బదులుగా వెళ్లావని నాకేం తెలుసు? వెనకనుంచి ఏదో తెల్లచొక్కా, హెల్మెట్టు.”

“తెలిసుంటే?”

“ఏం మాట! తెలిసుంటే ఆపనా? నువ్వని తెలిస్తే బండిలోంచి దూకి ఉండేవాణ్ణి!”

అతను చెప్పింది నిజం. అందులో ఆమెకు రవ్వంత అనుమానం లేదు. అందుకే తర్వాతి మాట అడగడానికి అంతసేపు పట్టింది.

“మరి ఎవరనుకున్నావు?”

పదహారేళ్ల కాపురంలో ఆమె అతన్ని ‘నువ్వు’ అనలేదు. అన్న సంగతి ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

డ్రైవరు చాలాసేపు నేలవైపు చూశాడు.

“ఎవరో అనుకున్నాను.”

అప్పుడు సూదమ్మకు అసలైన భయం వేసింది. పడ్డప్పుడు ఇంత వెయ్యలేదు. కుట్లు వేస్తున్నప్పుడు వెయ్యలేదు. ఇతను తాగడు, చెయ్యెత్తడు, వీధి కుక్క అడ్డమొస్తే బండి ఆపి తోలి మళ్లీ ఎక్కుతాడు. తనకు తెలిసిన మగవాళ్లలో ఇంత మెత్తటి మనిషి లేడు. ఇలాంటివాడే ఎవరో అనుకుని పోయాడు. పొద్దున ఎర్రగుడ్డను కొడుతూ పోయిన పందొమ్మిది బస్సుల్లో కూర్చున్నదీ ఇలాంటివాళ్లే. ఇంట్లో తలలు దువ్వేవాళ్లే. ఆ మలుపులో సైకిల్ తొక్కుతూ పోయిన నూటనలభై ఆరుగురూ వాళ్లకు ఎవరో.

అలాగని వెళ్లి చెప్తే? ఈ మనిషి ఏమవుతాడు? ఇల్లేమవుతుంది? బుజ్జి తండ్రిని ఎలా చూస్తుంది? చెప్పకపోతే ఫైలు మూసుకుంటుంది. తను ఇతని పక్కనే తింటుంది, పడుకుంటుంది, కట్టు మార్పించుకుంటుంది.

“అమ్మా.”

తలుపు దగ్గర బుజ్జి నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. చేతిలోని పుస్తకం కిందపడి తెరుచుకుని ఉంది. తండ్రివైపు చూడటం లేదు.

“లోపలికి వెళ్లమ్మా,” అన్నాడు డ్రైవరు.

“నేనూ ఆ మలుపులోంచే బడికి వెళ్తాను కదమ్మా,” అంది బుజ్జి. “నాన్న కాకుండా ఇంకొకళ్లు నడిపితే, నేనూ ఎవరోనే కదా?”

డ్రైవరు ఆ పుస్తకం తీసి ఇవ్వబోతే బుజ్జి అందుకోలేదు.

బల్లమీద ఫోను మోగింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. సూదమ్మ లేచి, లోపలికి వెళ్లి, అందుకుంది. ఫోను రెండు చేతులా పట్టుకోవలసి వచ్చింది, కట్టు ఉన్న చెయ్యి కలుక్కుమంది.

“నేనమ్మా, మాస్టార్ని,” అంది అవతలి గొంతు. “ఇబ్బంది పెడుతున్నాను. రేపటికి సభ్యుల పేర్లు ఈ సాయంత్రమే ఇవ్వాలట. మీరింకా ఆలోచించుకోలేదంటే పర్వాలేదు. మా పేర్లే రాసిస్తాను.”

వరండాలోంచి భర్త ఆమెనే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు, చిన్నగా, బతిమాలుతున్నట్టు.

“మాస్టారూ,” అంది సూదమ్మ. మళ్లీ అంది. “మాస్టారూ, నా పేరు రాసుకోండి.”

“రాసుకుంటున్నానమ్మా. రేపు పదిగంటలకు.”

“వస్తాను. పడిన సంగతి చెప్తాను, మలుపు సంగతి చెప్తాను. నడిపినవాళ్ల పేరు మాత్రం నేను చెప్పను. మీరు కూడా మీసాలాయన పేరెత్తకండి. ఆ పేరు చెప్పడానికి నాతో ఇంకో మనిషి వస్తారు.”

అవతల పెన్సిలు కాగితం మీద ఆగినట్టు తెలుస్తూనే ఉంది.

“ఎవరమ్మా?” అన్నాడు మాస్టారు.

సూదమ్మ ఫోను అలాగే చెవి దగ్గర పెట్టుకుని, వరండాలో తల వంచుకు కూర్చున్న మనిషివైపు చూస్తూ నిలబడింది.